గోరియో అల్లుళ్ళు

క్రితం సంవత్సరం డిగ్రీ విద్యార్థులకు నవలలో వాస్తవికత గురించి పాఠం చెబుతూ, పాఠ్యప్రణాళికలో లేకపోయినా, బాల్జాక్ రాసిన "పేర్ గోరియో" కథ చెప్పాను. ఇద్దరు కూతుళ్ళకు సర్వస్వమూ ధారపోసి, పారిస్‌లో ఒక చౌకబారు పూటకూళ్ళ ఇంటి మేడమీద దిక్కులేని చావు చచ్చిన తండ్రి కథ అది. ఈ కథ చెప్పినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఆ రోజూ అంతే అయింది. అప్పుడు వెనక బెంచీలో వున్న ఒక అమ్మాయి లేచి, "సార్, ఇంత జరుగుతుంటే ఆ అల్లుళ్ళిద్దరూ ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంతలో బెల్లు కొట్టారు గనక బతికిపోయాను. కాని ఆ ప్రశ్న నాతోపాటు ఇంటికి వచ్చింది. సాహిత్యవిమర్శలో సొంత గొడవలు చెప్పుకోవటం మర్యాద కాదని నాకూ తెలుసు. అయినా ఈ నవల గురించి నేను నిజం చెప్పాలంటే నా గొడవ కొంత చెప్పక తప్పదు. ఎందుకో చివరకు పాఠకులకే తెలుస్తుంది.

ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టలు గదిలో ఈ నవల ఇంగ్లీషు అనువాదం చదివాను. గోరియో మరణశయ్య ఘట్టం దగ్గర కన్నీళ్ళు ఆగలేదు. ఆ వేడిలోనే ఒక సెమినారు పత్రం రాశాను. లియర్ రాజుతో గోరియోను పోల్చి, బిడ్డల కృతఘ్నత గురించీ, పితృప్రేమ అనే ఉన్మాదం గురించీ పదిహేను పేజీలు నింపాను. మా ఆచార్యులు మెచ్చుకున్నారు. మొన్న పాత కాగితాల్లో వెతికి ఆ పత్రం మళ్ళీ చదివాను. పదిహేను పేజీల్లో ఎక్కడా అల్లుళ్ళ పేర్లయినా లేవు!

ఆ పేర్లు రెస్తో, నూసింగెన్. ఒకడు పాత వంశంలో పుట్టిన కౌంటు. రెండోవాడు బారన్ బిరుదున్న బాంకరు. గోరియో సేమ్యా వ్యాపారి. ఒక సేమ్యా దుకాణంలో కూలివాడుగా చేరి, 1789 అల్లర్లలో యజమాని పోతే, ఆ దుకాణం తానే కొనుక్కున్నాడు. విప్లవకాలంలో ధాన్యానికి కరువొచ్చినప్పుడు పిండి పదింతల ధరకు అమ్మి ధనవంతుడయ్యాడు. భార్య చిన్నతనంలోనే పోయింది. ఆమె మీది ప్రేమంతా ఇద్దరు కూతుళ్ళమీదికి మళ్ళింది. పెద్దది అనస్తాసీ గొప్ప వంశం కోరింది, చిన్నది డెల్ఫీన్ డబ్బు కోరింది. ఇద్దరికీ కోరినవి కొనిపెట్టాడు. ఒక్కొక్కరికి దాదాపు ఏడెనిమిది లక్షల ఫ్రాంకుల కట్నం ఇచ్చాడు.

ఆ మొత్తం ఎంతటిదో బాల్జాక్ మనకు లెక్కతో సహా తెలియజేస్తాడు. అదే నవలలో రస్తిన్యాక్ అనే లా విద్యార్థి కుటుంబానికి పల్లెలో వున్న పొలంమీద ఏడాదికి వచ్చే రాబడి మూడువేల ఫ్రాంకులు. అందులోంచి వాళ్ళు పొట్ట కట్టుకుని కుర్రవాడి చదువుకు పన్నెండువందలు పంపుతారు. అంటే గోరియో ఒక్క కూతురికి ఇచ్చిన కట్నం ఆ కుటుంబం రెండువందల యాభై ఏళ్ళపాటు బతకటానికి సరిపోతుంది.

బాల్జాక్‌ను చదివేటప్పుడు ఈ లెక్కలు దాటేయకూడదు. ఆయన మనుషుల హృదయాలను వర్ణించేటప్పుడు ఖాతాపుస్తకం పక్కనే పెట్టుకుంటాడు. 1813లో గోరియో పూటకూళ్ళ ఇంటికి వచ్చినప్పుడు ఏడాదికి పన్నెండువందలిచ్చి మంచి గదుల్లో దిగాడు. కొంతకాలానికి పై అంతస్తుకు మారి తొమ్మిదివందలకు దిగాడు. ఆ తరవాత ఇంకా పైకి వెళ్ళి నెలకు నలభై అయిదు ఇచ్చాడు. ఆ ఇంట్లో మనిషి మెట్లెక్కినకొద్దీ పడిపోతున్నాడన్నమాట! గదులు మారినప్పుడల్లా ఒంటిమీది వస్తువులు ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. ఒక రాత్రి రస్తిన్యాక్ తలుపుసందులోంచి చూసేసరికి ముసలాయన బంగారు పూత పూసిన వెండిగిన్నెను నలిపి ముద్ద చేస్తున్నాడు. అది పెళ్ళి వార్షికోత్సవం నాడు భార్య ఆయనకిచ్చిన కానుక. పెద్దకూతురు అప్పు తీర్చటానికి దాన్ని అమ్మేస్తున్నాడు.

ఇంతవరకూ నేను క్లాసులో బాగానే చెబుతాను. నేను చెప్పకుండా వదిలేసింది దీని తరవాతి ప్రశ్న. ఒక్కొక్కరికి ఏడెనిమిది లక్షలు పట్టుకెళ్ళిన కూతుళ్ళు అయిదారువేలకోసం, పన్నెండువేలకోసం, చివరకు ఒక గౌను తాలూకు వెయ్యి ఫ్రాంకులకోసం ముసలి తండ్రి దగ్గరకు ఎందుకు వస్తున్నారు? ఆ లక్షలన్నీ ఎక్కడికి పోయాయి?

దీనికి జవాబు నవలలోనే వుంది. డెల్ఫీన్ బాంకరు భార్య, వజ్రాలు పెట్టుకుంటుంది, స్వంత బండిలో తిరుగుతుంది. కాని ఆరువేల ఫ్రాంకులు కావలసివస్తే రస్తిన్యాక్ చేతిలో నూరు ఫ్రాంకులు పెట్టి జూదగృహానికి పంపుతుంది. తన కట్నం తన చేతిలో లేదు. తరవాత ఆమె తన వాటా అడిగితే నూసింగెన్ ఒక బేరం పెడతాడు. డబ్బంతా ఇళ్ళస్థలాల వ్యాపారంలో ఇరుక్కుని వుందట. ఇప్పుడు అడిగితే ఇద్దరూ దివాలా తీస్తారట. అతను బినామీ పేర్లమీద స్థలాలు కొని, కట్టుబడివాళ్ళకు దీర్ఘకాలపు హుండీలు రాసిచ్చి, వాళ్ళను నిలువునా ముంచే ఏర్పాట్లలో వున్నాడు. భార్య తన పేరు వాడుకోనిస్తే, ఆమె ప్రియుడి విషయం తాను పట్టించుకోనంటాడు. రెస్తో పద్ధతి మరొకటి. అనస్తాసీ తన ప్రియుడి అప్పులకోసం వంశపు వజ్రాలు అమ్మేసింది. ఆ తప్పు ఆధారంగా ఆమె ఆస్తి అమ్మకానికి ఆమెచేతనే సంతకం పెట్టించుకుంటాడు. ఒకడు నీతి లేకుండానూ, ఇంకొకడు నీతి పేరు చెప్పీ, ఇద్దరూ మామగారి సేమ్యా డబ్బు స్వాధీనం చేసుకున్నారు.

ఇది ఇద్దరు దుర్మార్గుల కథ అయితే చదివి మరిచిపోవచ్చును. కాని దీని వెనక చట్టం వుంది. 1804లో నెపోలియన్ ఇచ్చిన పౌరస్మృతి ప్రకారం భార్య భర్తకు విధేయురాలై వుండాలి. అతని అంగీకారం లేనిదే ఆస్తి అమ్మకూడదు, ఒప్పందం చేసుకోకూడదు. కట్నం మీద పెత్తనం భర్తది. పోనీ విడిపోదామంటే, విప్లవం తెచ్చిన విడాకుల హక్కును రాజరికం తిరిగివచ్చాక 1816లో రద్దు చేశారు. మళ్ళీ 1884 దాకా అది రాలేదు. ఫ్రాన్సులో భర్త అనుమతి అక్కర్లేకుండా భార్య ఉద్యోగం చేసేందుకూ, తన పేర బాంకు ఖాతా తెరిచేందుకూ వీలు కల్పించిన చట్టం 1965లో గాని రాలేదు. గోరియో కథ 1819 శీతాకాలంలో మొదలవుతుంది. ఆ కూతుళ్ళకు తండ్రిమీద ప్రేమ తక్కువే. అందుకు నేను వాళ్ళను సమర్థించటం లేదు. అయితే వాళ్ళు తండ్రిని పీల్చటం మాత్రం ప్రేమ లోపంచేత మాత్రమే జరిగింది కాదు. వాళ్ళ డబ్బుకు వాళ్ళు యజమానులు కారు. తాళం అల్లుళ్ళ దగ్గరుంది, ముసలాయన ఇంటికి మాత్రం తాళం లేదు.

గోరియోకే ఈ సంగతి తెలుసు. నా సెమినారు పత్రంలో నేను ఉదాహరించిన ఆ మరణశయ్య ఘట్టంలోనే, నేను వదిలేసిన కొన్ని వాక్యాలున్నాయి. ముసలాయన ఒకసారి కూతుళ్ళను శపిస్తాడు, మరుక్షణం దీవిస్తాడు. ఈ రెంటి మధ్యా అల్లుళ్ళను తిడతాడు. వివాహాలమీద శాసనసభలచేత చట్టం చేయించమని దేశంలోని తండ్రులందరికీ మొరపెట్టుకుంటాడు, బిడ్డలమీద ప్రేముంటే వాళ్ళకు పెళ్ళిళ్ళే చెయ్యొద్దంటాడు. ఈ వాక్యాలు సంధిప్రేలాపన అనుకుని నేను దాటేశాను. నవల మొత్తంమీద అంతకంటె స్పృహతో అన్న మాటలు మరి లేవని ఇప్పుడు తోస్తున్నది.

ఇక్కడ గోరియోను నిర్దోషిగా నిలబెట్టటం కూడా పొరపాటే అవుతుంది. అతను కట్నంగా ఇచ్చిన డబ్బు ఎక్కడిది? పారిస్ ప్రజలు రొట్టెకోసం బారులు తీరి నిలబడిన రోజుల్లో పిండి ధర పెంచి సంపాదించినది. వేలమంది ఆకలిని మూటకట్టి కూతుళ్ళకు కౌంటునూ, బారన్‌నూ కొనిపెట్టాడు. నెపోలియన్ రోజుల్లో అల్లుళ్ళకు ఈ మామతో బాధ లేకపోయింది. బూర్బన్ రాజులు తిరిగివచ్చి పాత వంశాలకు మళ్ళీ విలువ పెరిగాక, విప్లవకాలంలో పిండి అమ్ముకున్న మామ భోజనాలబల్ల దగ్గర కనబడటం నామోషీ అయింది. అతను తెచ్చిన డబ్బు మాత్రం ఎవరికీ నామోషీ కాలేదు. అంతేకాదు, పైతరగతిలోనూ ఇదే వ్యాపారం. పారిస్ సంఘానికి మకుటంలాంటి మదాం ద బోసేయాన్‌ను ఆమె ప్రియుడైన మార్క్విస్ వదిలేసేది ఏడాదికి రెండులక్షల రాబడి వున్న పిల్లను పెళ్ళాడటానికే. సేమ్యా దుకాణం మొదలు రాజాంతఃపురం దాకా ధర కట్టే పద్ధతి ఒకటే.

బాల్జాక్ రాజరికాన్ని కోరినవాడు, చర్చిని సమర్థించినవాడు. పెద్దింటి స్త్రీలమీద ఆయనకు మోజు కూడా వుండేది. జీవితమంతా అప్పుల్లో మునిగివుండి, 1850 మార్చిలో హన్‌స్కా అనే సంపన్నురాలైన పోలిష్ వితంతువును పెళ్ళాడి, ఆగస్టులో చనిపోయాడు. ఇలాంటి మనిషి ఈ నవల ఎలా రాశాడు? 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్ ఈ ప్రశ్నకే సమాధానం చెప్పాడు. తన వర్గాభిమానానికీ, రాజకీయాలకూ వ్యతిరేకంగా పోయి అయినా కళ్ళెదుటి నిజం రాయకుండా వుండలేకపోవటమే బాల్జాక్ వాస్తవికత విజయమని ఆయన అభిప్రాయం. ఈ మాటను మనం పరీక్షల్లో రాసి రాసి అరగదీశాం. నాకిప్పుడు దీనికి మరో పక్క కూడా కనిపిస్తున్నది. రచయిత తన అభిమానాలను దాటి రాయగలిగాడు. మరి పాఠకుడు తన అభిమానాలను దాటి చదవగలుగుతున్నాడా?

నేను చదవలేకపోయాను. ఇంకో ఉదాహరణ చెబుతాను. మొదటిసారి చదివినప్పుడు నాకు రస్తిన్యాక్ చాలా దగ్గరివాడనిపించాడు. పల్లె నుంచి వచ్చినవాడు, చదువుకుంటున్నాడు, ఇంటివాళ్ళు కడుపు కట్టుకుని పంపే డబ్బుతో బతుకుతున్నాడు. నేనూ అంతే. మంచి దుస్తులకోసం అతను ఇంటికి ఉత్తరం రాస్తే తల్లి నగలు అమ్మి పంపుతుంది, చెల్లెళ్ళు దాచుకున్న చిల్లర పంపుతారు. ఆ ఉత్తరాలు చదివి అతను ఏడుస్తాడు. ఏడ్చి, ఆ డబ్బుతో దర్జీని పిలుస్తాడు. వోత్రాన్ అనే పారిపోయిన ఖైదీ అతనికి లోకరీతి విప్పి చెబుతాడు. కష్టపడి లా చదివితే ఎంత వస్తుంది? అదే, ఒక అనాథలా బతుకుతున్న విక్టొరీన్‌ను చేసుకుంటే, ఆమె అన్నను ద్వంద్వయుద్ధంలో తాను చంపిస్తాడు, తండ్రి ఆస్తి ఆమెకొస్తుంది, తనకు రెండులక్షలు దళారీ రుసుం ఇస్తే చాలును. రస్తిన్యాక్ అసహ్యించుకుంటాడు. నేనూ అసహ్యించుకున్నాను. కాని అతను అసహ్యించుకున్నది హత్యనే గాని పెళ్ళివల్ల వచ్చే డబ్బును కాదని అప్పుడు గమనించలేదు.

మరి కొన్నేళ్ళకు నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. వచ్చిన ఆర్నెల్లలో సంబంధాలు వచ్చాయి. మధ్యవర్తి మా నాన్నతో మాట్లాడుతూ నా ఎం.ఏ.కు ఒక ధరా, సర్కారు ఉద్యోగానికి ఒక ధరా కట్టి చెప్పాడు. పక్కగదిలో కూర్చుని నేను పేపరు చదువుతున్నాను. చదువుతున్నట్టు నటించాననటం నిజం. మా వాళ్ళు, "మేమేమీ అడగటం లేదు, మీ అమ్మాయికి మీరేం ఇచ్చుకుంటారో మీ ఇష్టం" అన్నారు. ఈ వాక్యానికి అర్థం తెలియని ఆడపిల్ల తండ్రి మన దేశంలో లేడు. మామగారికి కృష్ణాజిల్లాలో నాలుగెకరాల మాగాణి వుండేది. రెండెకరాలు అమ్మారు. ఆ డబ్బుతో మా ఊరి శివార్లలో ఇంటిస్థలం కొన్నాం. రిజిస్ట్రేషన్ నా పేర జరిగింది. అందరి ఇళ్ళల్లోనూ అలాగే జరుగుతుంది గనక అందులో చెప్పుకోదగ్గ విషయం వుందని ఎవరికీ తోచలేదు. అభ్యుదయ సాహిత్యంమీద వ్యాసాలు రాసే నాకూ తోచలేదు.

మన సాహిత్యానికి ఈ విషయం కొత్తదేమీ కాదు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడిననాటికి డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని అమ్ముతున్నారు. ఆ తరవాత బేరం తిరగబడి, కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయం నాటికి మగపిల్లవాణ్ణి అమ్ముతున్నారు. ఆ నాటకంలో కమల, కొన్నవాళ్ళ ఇంటికి సరుకు రావటమే న్యాయమని భర్తనే తన ఇంటికి రమ్మంటుంది. మనం చప్పట్లు కొడతాం. 1961లో వరకట్న నిషేధచట్టం వచ్చింది. దాని ప్రకారం ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ కూడా నేరస్థులే. ఆ చట్టంలో ఆరో సెక్షన్ వుంది. దాని గురించి మా కాలేజీలో ఏ ఉపన్యాసంలోనూ నేను వినలేదు. పెళ్ళికూతురు తప్ప మరెవరు కట్నం పుచ్చుకున్నా, దాన్ని నిర్ణీత గడువులోగా ఆమెకు అప్పగించాలని ఆ సెక్షన్ చెబుతుంది. గోరియో చచ్చిపోతూ అడిగిన చట్టానికి ఇది కాస్త దగ్గర బంధువే.

క్లాసులో ఆ అమ్మాయి ప్రశ్న వేసిన వారానికే మామగారు మా ఇంటికి వచ్చారు. ఎప్పటిలాగే ఒక సంచీలో మామిడిపళ్ళూ, పెద్దమనవరాలికి జంతికలూ తెచ్చారు. ఆయన కుర్చీ అంచున కూర్చుంటారు. నేను గదిలోకి వెళ్ళగానే లేచి నిలబడతారు. "కూర్చోండి మావయ్యగారూ" అంటే, "పర్వాలేదు బాబూ" అని నేను కూర్చున్నదాకా ఆగుతారు. నాకంటె ముప్ఫయ్యేళ్ళు పెద్ద. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతానంటారు. ఇన్నేళ్ళుగా దీన్ని ఆయన సంస్కారం అనుకున్నాను. గోరియో కూతుళ్ళ ఇళ్ళకు పోలేక, వాళ్ళు బండ్లలో షికారు వెళ్ళే వేళ ఎప్పుడో పనిమనుషులనడిగి తెలుసుకుని, వీధిలో నిలబడి చూసి సంతోషించే ఘట్టం ఒకటుంది. ఆయన బస్సెక్కి వెళ్ళాక నాకు ఆ ఘట్టం గుర్తొచ్చింది. నేను రెస్తోను కాను, నూసింగెన్‌ను కాను. మామగారిని గుమ్మంలోంచి పంపలేదు. కాని ఆయన ఎందుకు నిలబడుతున్నారో తెలుసుకోకుండా కూర్చుంటూ వచ్చాను.

ఆ రాత్రి నా భార్యతో ఈ మాట అన్నాను. స్థలం అమ్మి ఆయన డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చేద్దామన్నాను. ఆమె నవ్వింది.

"నాన్న తీసుకోరు. అల్లుడు డబ్బు వాపసు చేశాడంటే నన్ను వదిలేస్తున్నారేమోనని ఊరంతా అనుకుంటారు. ఆ రెండెకరాలు ఇప్పుడు చేపలచెరువు. ఎలాగూ రావు."

"మరేం చెయ్యమంటావు?"

"స్థలం నా పేర పెట్టండి. మీరిప్పుడే నవల చదివినట్టున్నారు, నాకు ఎనిమిదేళ్ళనుంచీ తెలుసు."

మా అమ్మ ఒప్పుకోలేదు. "ఇప్పుడేం వచ్చింది, ఎవరి పేర వుంటేనేం, ఇద్దరిదీ ఒకటే కదా" అంది. ఒకటే అయినప్పుడు మారిస్తే నష్టమేమిటని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. వెనక ఆమె పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన అరెకరం ఎవరి పేర వుండేదని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అది మా చదువులకోసం మా నాన్న అమ్మేశారు.

నవల చివర గోరియో శవం వెంట అల్లుళ్ళు రాలేదు, కూతుళ్ళు రాలేదు. వంశచిహ్నాలు వేసిన రెండు బండ్లు మాత్రం శ్మశానం దాకా వచ్చాయి, లోపల మనుషులు లేకుండా. గుంట తవ్వినవాళ్ళకు ఇనాము ఇవ్వటానికి రస్తిన్యాక్ దగ్గర డబ్బు లేకపోతే పూటకూళ్ళ ఇంటి నౌకరు దగ్గర ఇరవై సూలు బదులు పుచ్చుకుంటాడు. తరవాత గుట్టమీదనుంచి పారిస్‌ను చూసి సవాలు చేసి, డెల్ఫీన్ ఇంటికి భోజనానికి వెళతాడు. ఆ సవాలును తిరుగుబాటు అని చాలామంది రాశారు. నేనూ రాశాను. బాల్జాక్ తరవాతి నవలలు ఆ మాట ఒప్పుకోవు. రస్తిన్యాక్ నూసింగెన్ దొంగదివాలాలో వాటా పంచుకుని డబ్బు చేసుకుంటాడు, మంత్రి అవుతాడు, చివరకు డెల్ఫీన్ కూతుర్నే పెళ్ళాడతాడు. గోరియోను పాతిపెట్టిన కుర్రవాడు గోరియో మనవరాలి మొగుడు, నూసింగెన్ అల్లుడు! చదువుకున్న యువకుడు ఎక్కడికి చేరతాడో బాల్జాక్‌కు బాగా తెలుసు.

మరుసటి క్లాసులో ఆ అమ్మాయికి జవాబు చెప్పాను. అల్లుళ్ళు ఏమీ చెయ్యలేదమ్మా, వాళ్ళు చెయ్యవలసిందంతా పెళ్ళినాడే అయిపోయిందని చెప్పాను. నా సంగతి చెప్పే ధైర్యం క్లాసులో కలగలేదు, అంచేత ఇక్కడ రాస్తున్నాను.

పోయిన నెలలో రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. దస్తావేజు రాసేవాడు పాత నమూనా తీసి నింపాడు. దాన్ని దానపట్టా అంటారు. అందులో నేను దాతను, నా భార్య గ్రహీత. ప్రేమాభిమానాలచేత ఇస్తున్నట్టు రాసుంది. వేరే మాట రాయటానికి వీలుందా అని అడిగితే, "అదే మాడలండీ" అన్నాడు. సాక్షి సంతకానికి మామగారిని రమ్మన్నాం. ఆయన కాగితం చదవలేదు. చూపించినచోట సంతకం పెట్టి, "మీ మంచితనం బాబూ" అన్నారు. అన్నప్పుడు కూడా నిలబడే వున్నారు.